ఉరిమితే ఇనుము కింద పెట్టు

జెల్డా వీడియో ఆటల్లో ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ గురించి ఈపాటికి అందరూ అన్నీ చెప్పేశారు. ఎంత పెద్ద ప్రపంచమో, ఎన్ని గుడులున్నాయో, కత్తులు ఎంత తొందరగా విరిగిపోతాయో నేను మళ్లీ చెప్పను. నేను రాయదలచుకున్నది ఒక్కదాని గురించే. అది ఆ ఆటలో కురిసే వాన. 2017 చివర్లో మొదలుపెట్టాను. మధ్యలో వేరే ఆటలు చాలా వచ్చాయి, పోయాయి. దీన్ని మాత్రం పూర్తిగా పక్కన పెట్టలేకపోయాను. అందుకు కారణం వానే.

మాది అనంతపురం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే జిల్లా. ఆ కొంచెమూ పడవలసిన వారంలో పడితేనే లెక్క. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో మాకు వేరుశనగ చేను ఉండేది. హంద్రీ–నీవా కాలువ నీళ్లు జిల్లాలోకి వచ్చాయి గానీ మా చేనుకు మాత్రం ఆకాశమే దిక్కు. నేను ఊరు వదిలి టౌనులో ఉద్యోగం చేసుకుంటున్నా, మే నెల నుంచి అక్టోబరు దాకా మా ఇంట్లో మాటలన్నీ మబ్బు చుట్టూనే తిరిగేవి. అలాంటి ఇంటికి బెంగళూరులో ఉంటున్న మా తమ్ముడు దసరా సెలవుల్లో స్విచ్ కన్సోల్ తెచ్చి, హాల్లో టీవీకి తగిలించి వెళ్లాడు.

మొదటి వారంలోనే పట్టుబడిపోయాను. తెర మూలన చిన్న చిన్న బొమ్మలతో రాబోయే గంటల వాతావరణం కనిపిస్తుంటుంది: ఎండ, మబ్బు, వాన, ఉరుము. అక్కడ ఒక నిమిషమంటే మనకు ఒక సెకను. కాబట్టి ఇరవై నాలుగు నిమిషాల్లో ఒక రోజు గడిచిపోతుంది. వాన బొమ్మ పడిందంటే వాన వచ్చి తీరుతుంది. ముందు గాలి మారుతుంది, గడ్డి ఒక పక్కకు వాలుతుంది, వెలుతురు బూడిద రంగుకు తిరుగుతుంది. దారిన పోయేవాళ్లు తలకు చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తుతారు. వెలిగించిన మంట ఆరిపోతుంది. నిప్పు బాణం వట్టి బాణమైపోతుంది. అడుగుల చప్పుడు వానలో కలిసిపోయి, శత్రువు వెనక్కి వెళ్లి నిలబడినా వాడికి వినిపించదు. వెలిసిన తర్వాత బండల గుంటల్లో నీళ్లు మెరుస్తూ కాసేపు నిలిచి, మెల్లగా ఇంకిపోతాయి. ఆ గుంటల దగ్గర నేను ఊరికే నిలబడి చూసిన సాయంత్రాలు చాలా ఉన్నాయి.

ఇక అసలు సంగతి. 2018 మే నెల. నాన్నకు విత్తనం సిద్ధం చేయాలని అమ్మ పల్లె నుంచి ఒక బస్తా కె-6 రకం వేరుశనగ కాయలు మా ఇంటికే తెచ్చుకుంది. విత్తనానికి చేత్తో ఒలిచిన గింజలే కావాలి. మిషనులో వేస్తే పప్పు పగులుతుంది, పై పొర లేచిపోతుంది, మొలక సరిగా రాదు. రోజూ రాత్రి భోజనాల తర్వాత హాల్లో కింద కూర్చుని, కొంగు ఒళ్లో పరుచుకుని, టీవీ వైపు చూస్తూ ఒలిచేది. పటపటమని కాయ పగిలే చప్పుడు, నా కంట్రోలర్ మీటల చప్పుడు, ఇవి తప్ప ఇంట్లో వేరే శబ్దం ఉండేది కాదు.

ఆ రాత్రి నేను జంట శిఖరాల వైపు వెళ్లే మైదానంలో ఉన్నాను. వాన మొదలైంది, ఉరుములు కూడా. వీపున ఇనుప కత్తి, ఇనుప డాలు. ఉన్నట్టుండి తెరంతా తెల్లబడింది, ఆటలో నేను నడిపే వీరుడు లింక్ ఎగిరిపడ్డాడు, ఆట అయిపోయింది. ఆటలో ప్రాణాన్ని గుండె బొమ్మలతో లెక్కిస్తారు, అప్పటికి నాకున్నవి నాలుగు గుండెలే. కనిపించకుండా ఎవరో కొడుతున్నారనుకుని మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టాను. చెట్ల వెనక వెతికాను. మళ్లీ చచ్చాను. మూడోసారి కూడా. ఏమీ అర్థం కాలేదు, కోపం వచ్చింది, ఆపేద్దామనుకున్నాను.

నాలుగోసారి మొదలుపెట్టగానే వీపు దగ్గర చిటపటమని చిన్న నిప్పురవ్వలు లేచాయి. అవి అంతకుముందు కూడా లేచే ఉంటాయి, నేనే పట్టించుకోలేదు. అమ్మ చేతిలో కాయ ఆగిపోయింది.

“ఆ కత్తి కింద పెట్టు నాయనా.”

“ఎందుకమ్మా?”

“ఉరుముతోంది. ఇనుము మీద పెట్టుకుని బయలు మీద నిలబడతారా ఎవరైనా? కింద పెట్టు.”

గొంతులో నిజమైన కంగారు ఉంది. ఆటలో మనిషికి చెబుతున్నట్టు లేదు, నాకే చెబుతున్నట్టుంది. సామాను జాబితా తెరిచి కత్తి తీశాను, డాలు తీశాను. చేతిలో ఒక చెట్టుకొమ్మ పెట్టాను. రవ్వలు ఆగిపోయాయి. కాసేపటికి పిడుగు దూరంగా ఎక్కడో పడింది. అమ్మ పెదవులు కదులుతున్నాయి: “అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ...” టీవీలో ఉరిమిన ఉరుముకు.

ఆ తర్వాత చెప్పింది. అమ్మకు పన్నెండేళ్లప్పుడు, మృగశిర కార్తెలో, వాళ్ల పక్క చేను రైతు పార భుజాన వేసుకుని గట్టు మీద ఇంటికి వస్తున్నాడు. వాన ఇంకా పడలేదు, ఉరుము మాత్రమే. గట్టు మీద తప్ప చుట్టూ ఎక్కడా ఎత్తు లేదు. ఆ మనిషిని ఎడ్ల బండి మీద తీసుకుపోవడం అమ్మ చూసింది. పార చాలా రోజులు ఆ గట్టు మీదే పడి ఉందట, ఎవరూ ముట్టుకోలేదట. అప్పటి నుంచి వాళ్ల ఇంట్లో ఒక కట్టుబాటు: ఉరుము వినపడితే పార, కొడవలి, గడ్డపార ఎక్కడివక్కడ కింద పెట్టేయాలి. చెట్టు కిందికి పోకూడదు. బయట చిక్కుకుంటే రెండు పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి. అమ్మ చేతుల్లో పెరిగిన నేను కూడా ఈ కథ అప్పటిదాకా వినలేదు. ఎవరో జపాన్‌లో కూర్చుని తయారుచేసిన ఆట దాన్ని బయటికి తీసింది. ఆ రాత్రి నుంచి ఈ ఆట మీద నాకున్న ఇష్టం మామూలు ఇష్టం కాదు.

ఆ నియమం ఆట పొడవునా ఎంత నిజాయితీగా పనిచేస్తుందో తర్వాత తర్వాత తెలిసింది. రవ్వలు లేచే కత్తిని శత్రువుల గుంపు మధ్యకు విసిరితే పిడుగు అక్కడే పడుతుంది. నేల మీద వదిలేసిన ఇనుమూ పిడుగును పిలుస్తుంది. కర్ర ఆయుధాలకు, చెక్క విల్లుకు ఏమీ కాదు. ఆట ఆపి ఎవరూ పాఠం చెప్పరు. చూసి తెలుసుకోవలసిందే, లేదా పక్కన మా అమ్మలాంటి మనిషి ఉండాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. జోరా జాతి ఉండే లోయలో వాన ఆగకుండా పడుతూనే ఉంటుంది. వా రూటా అనే యంత్రపు ఏనుగు జలాశయంలో నిలబడి తొండంతో నీళ్లు ఆకాశంలోకి చిమ్ముతుంటుంది. జలాశయం నిండి కట్ట తెగితే కింద ఉన్న ఊళ్లు కొట్టుకుపోతాయి. కాబట్టి ఏనుగును అదుపులోకి తెచ్చి వాన ఆపమని అక్కడి యువరాజు మనల్ని బతిమాలతాడు. నేను అక్కడికి చేరేసరికి 2018 జులై. మాకు చినుకు లేదు. ఒలిచిన గింజలు ఇంట్లో అలాగే ఉన్నాయి, నాన్న రోజూ ఫోనులో ‘పదును కాలేదు’ అని ఒకే మాట చెప్పేవాడు. అమ్మ టీవీ చూసి, “ఆ ఏనుగు మన చెరువు గట్టున నిలబడితే ఎంత బాగుండేది” అంది. నాకు ఆ వాన ఆపడానికి చేతులు రాలేదు. ఆ లోయను వదిలేసి వేరే దిక్కుకు వెళ్లిపోయాను. ఖరీఫ్ అంతా, చేను ఎండిపోయిన తర్వాత కూడా, రాత్రి పూట అప్పుడప్పుడు ఆ లోయకు తిరిగి వచ్చి వానలో నడిచి వెళ్లేవాణ్ణి. 2019లో గానీ ఏనుగు పని పూర్తి చేయలేదు. వాన వెలిసి ఎండ వచ్చినప్పుడు ఆ జోరాలంతా సంబరపడ్డారు. వాళ్లది న్యాయమే.

ఆ రోజుల్లో కనిపించిన ప్రతివాడికీ ‘ఇంత మంచి వాన ఏ ఆటలోనూ లేదు’ అని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

కొండ ఎక్కేటప్పుడు వాన వస్తే లింక్ నాలుగైదు పట్లకొకసారి జారుతాడు. జారిన ప్రతిసారీ ఓపిక చూపించే పచ్చని చక్రం తరిగిపోతుంది. తడిసిన బండ ఎక్కకూడదన్నది సరైన మాటే. చదువుకునే రోజుల్లో తొలకరికి గుత్తి కోట ఎక్కబోయి నేనూ సగంలో దిగివచ్చాను. కానీ నాకు రాత్రి దొరికేది ఒక గంట. అందులో పది పదిహేను నిమిషాలు ఒక రాతి అంచు మీద నిలబడి వాన వెలిసేదాకా చూస్తూ ఉండటం ఎన్నోసార్లు జరిగింది. కొన్ని కనుమల్లో వాన మరీ తరచు. కొత్తలో ఆ ఎదురుచూపు నాకు చాలా నచ్చేది. రెండో సంవత్సరానికి కొంత, నాలుగో సంవత్సరానికి చాలా విసుగు పుట్టించింది. ఉద్యోగం చేసి అలసి వచ్చిన రోజున, పైకి ఇంకా పది మూరలు ఉందనగా చినుకు పడితే కంట్రోలర్ పక్కన పెట్టి పడుకున్న రాత్రులు ఉన్నాయి.

పిడుగు సంగతిలోనూ ఆట చెప్పేది సగమే నిజం. ఇనుము ఉన్నంత మాత్రాన పిడుగు దాని కోసం వెతుక్కుంటూ రాదు. బయలులో అన్నింటికంటే ఎత్తుగా, ఒంటరిగా ఉన్నదాని మీద పడే అవకాశం ఎక్కువ. గట్టు మీద నడిచిన ఆ మనిషి విషయంలో పార కంటే గట్టే ఎక్కువ హాని చేసి ఉంటుంది. చెట్టు కింద నిలబడకూడదన్న సంగతి ఆట నేర్పదు. మా చేల దగ్గర జరిగేది మాత్రం ఎక్కువగా చెట్టు కిందే. గొర్రెల కాపరులు చింతచెట్టు కిందికి చేరి పోవడం మా వైపు కొత్త వార్త కాదు. ఆట చూసి పిల్లలు అందులోని సగమే నేర్చుకుంటారేమోనని నాకు భయం. అందుకే మా పాపకు అమ్మ చెప్పిన మూడు మాటలూ కలిపే చెప్పాను. నా ఫోనులో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ కూడా ఉంది. పిడుగులు దగ్గరలో పడుతుంటే అది చెబుతుంది.

పెద్ద లోటు ఇంకొకటి ఉంది, అది అమ్మ అడిగే దాకా నాకు తట్టలేదు. ఒక రాత్రి ఆటలో కుండపోతగా కురిసి వెలిసింది. “పదునైందా?” అని అడిగింది. అంటే విత్తనం వేసేంత తేమ నేల లోపలికి దిగిందా అని. నేల వైపు చూశాను. పైన మెరుపు ఉంది, అంతే. ఆ ఆట జరిగే హైరూల్ రాజ్యంలో ఋతువులు లేవు. కకారికో ఊళ్లో గుమ్మడి, క్యారెట్ మళ్లున్నాయి గానీ వాన పడినా పడకపోయినా అవి ఒకేలా ఉంటాయి. ఆ వాన మనిషిని ఆపుతుంది, జారుస్తుంది, దాస్తుంది, చంపుతుంది. ఎవరికీ తిండి పెట్టదు. దాన్ని తప్పని అనలేను, అది వ్యవసాయం ఆట కాదు. అయినా ఆ ప్రశ్న విన్న తర్వాత ఆ నేలను మునుపటిలా చూడలేకపోయాను.

2023 మే 12న తర్వాతి ఆట ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’ వచ్చింది. అందులో కప్ప దుస్తులు పూర్తిగా సంపాదించుకుని, ఒక్కొక్కదాన్ని రెండేసి సార్లు మెరుగుపరుచుకుంటే వానలో ఎంత నిట్టనిలువు బండైనా జారకుండా ఎక్కవచ్చు. నాలాంటివాళ్ల ఫిర్యాదు విన్నట్టే ఉంది. చాలా సుఖంగానే ఉంది. కానీ మబ్బు పడితే తెర మూలకు చూసే అలవాటు నాకు ఆ ఆటలో క్రమంగా పోయింది, ఆ పోవడం నాకు నచ్చలేదు. మళ్లీ పాతదానికే వచ్చాను.

కొనమంటారా అని అడిగితే, నా సంగతి వేరు అని ముందే చెప్పాలి. నేను రాత్రి ఒక గంట ఆడతాను, త్వరగా ముగించాలన్న ఆత్రం లేదు, టీవీ హాల్లోనే ఉంది, పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. ఒక్కరే గదిలో కూర్చుని, పని తర్వాత పని చకచకా ముగించుకుంటూ పోవాలనుకునేవాళ్లకు ఈ వాన శత్రువులా కనిపిస్తుంది. వాళ్లకు రెండో ఆటే మేలు కావచ్చు. పక్కన పెద్దవాళ్లు కూర్చునే ఇల్లయితే మాత్రం మొదటిదే తెచ్చుకోండి.

నాన్నకు మోకాళ్లు సహకరించక రెండేళ్ల క్రితం చేను కౌలుకు ఇచ్చేశాం. ఇద్దరూ ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. అమ్మ ఒళ్లో ఇప్పుడు కాయలుండవు. కంట్రోలర్ ఎక్కువగా పాప చేతిలో ఉంటుంది, దానికి తొమ్మిదేళ్లు. మొన్న ఆటలో మొదటి ఉరుము వినపడగానే, రవ్వలు లేవకముందే, కత్తి డాలు తీసేసి వాళ్ల అవ్వ వైపు చూసింది. అవ్వ తల ఊపింది. ఇంకో వారానికి జోరాల లోయకు చేరుతుంది. ఆ ఏనుగును వెంటనే ఆపాలో, కొన్నాళ్లు కురవనివ్వాలో నేను చెప్పను, దాని ఇష్టానికే వదిలేస్తాను.