మొదటి పెద్ద ఓడ ఏది: కటీ సార్కా, విక్టరీయా?

ముక్కలు అతికించి నమూనా తయారుచేసుకునే చిన్న తెరచాప ఓడల ప్లాస్టిక్ కిట్లు ఒకటి రెండు పూర్తి చేసినవారి కన్ను ఆ తర్వాత సాధారణంగా మూడింటి మీద పడుతుంది. రెవెల్ కంపెనీ కటీ సార్క్, అదే కంపెనీ కాన్‌స్టిట్యూషన్, హెల్లర్ కంపెనీ విక్టరీ. మొదటి రెండూ 1/96 కొలతలో (అంటే అసలు ఓడలో 96వ వంతు), మూడోది 1/100లో ఉంటాయి. ఏది పూర్తి చేసినా ఓడ ఇంచుమించు మీటరు పొడవు వస్తుంది కాబట్టి చోటు విషయంలో పెద్ద తేడా లేదు. ముందు ఏది మొదలుపెట్టాలని ఎవరు అడిగినా నేను కటీ సార్క్ అనే చెబుతాను.

విక్టరీ మీద మోజు సహజమే. 1765లో నీళ్లలోకి దిగిన ఓడ, 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ నిలబడిన ఓడ. హెల్లర్ అచ్చు కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. పక్కల మీద చెక్క పలకల గీతలు చూస్తుంటే ప్లాస్టిక్ అన్న సంగతే మరిచిపోతాం. కానీ పెట్టెలో రెండు వేలకు పైగా ముక్కలున్నాయి. ఫిరంగుల సంగతే చూడండి. ఒక్కో గొట్టం రెండు సగాలుగా వస్తుంది. అతికించాలి, ఆరనివ్వాలి, అతుకు గీతను బ్లేడుతో గీకాలి, సన్నని గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దాలి, తర్వాత బండి మీద కూర్చోబెట్టాలి. అసలు ఓడ 104 ఫిరంగులది! ఓపిక ఉన్నవారికి కూడా ఇక్కడే చేయి ఆగిపోతుంది.

ఆ తర్వాత తాళ్లు. నిజమైన విక్టరీకి దాదాపు 42 కిలోమీటర్ల తాడు పడుతుంది, కటీ సార్క్‌కు దాదాపు 18. నమూనాలో ఎంత తగ్గించి కట్టినా ఆ తేడా పోదు. పైగా తెరచాప స్తంభాలకు అడ్డకొయ్యలను ఎలా బిగించాలో హెల్లర్ సూచనలు సరిగా చెప్పవు. అది తెలిసినవారి పని. నావికులు ఎక్కే నిచ్చెన తాళ్లను కూడా ఒక చట్రం మీద మనమే అల్లుకోవాలి. రెవెల్ కిట్లలో అవి తయారుగానే వస్తాయి, కాస్త మొద్దుగా ఉన్నా.

కటీ సార్క్ 1869లో స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో తయారైన తేయాకు ఓడ. చైనా నుంచి తేయాకును ఎంత త్వరగా లండన్ చేరిస్తే అంత గొప్ప, అందుకే ఒళ్లంతా సన్నగా, కత్తి అంచులా ఉంటుంది. ఫిరంగుల బెడద లేదు. పైన నలుపు, నీటి గీత కింద రాగి, జింకు కలిసిన లోహపు రంగు. ఈ రెండింటి మధ్య గీత తిన్నగా వస్తే సగం అందం వచ్చినట్టే. అసలు ఓడ లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉంది కాబట్టి ఫొటోలకు కొదవ లేదు. కిట్ అచ్చు మాత్రం పాతది, 1959 నాటిది. అంచుల వెంట పొరలు పొరలుగా మిగిలిన ప్లాస్టిక్‌ను కోసేయక తప్పదు. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ తెరచాపలు పెట్టవద్దని నా గట్టి సలహా. అవి పళ్లేల్లా కనిపిస్తాయి. పైగా, అంత కష్టపడి కట్టిన తాళ్లను కప్పేస్తాయి.

ఏ ఓడకైనా ఒక జాగ్రత్త ఉంది. స్తంభం రెండు సగాలను అతికించే ముందు లోపల సన్నని ఇత్తడి కడ్డీ పెట్టండి. లేకపోతే దారం బిగిసినకొద్దీ పైకొన వంగిపోతుంది. దారాన్ని తేనెమైనం మీదుగా లాగితే నూగు అణిగిపోతుంది. స్తంభాలను నిలబెట్టే తాళ్లకు నలుపు దారం వాడండి, అసలు ఓడల్లో వాటికి తారు పూసేవారు. తెరచాపలను నడిపే తాళ్లకు లేత గోధుమరంగు.

కాన్‌స్టిట్యూషన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1797లో బోస్టన్‌లో నీళ్లలోకి దిగిన అమెరికా యుద్ధనౌక, అచ్చు చక్కగా ఉంటుంది. డెక్కు (ఓడ పైతలం) మూడు ముక్కలుగా రావడమే లోపం. ఆ అతుకులు కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడతాయి. పూడ్చి, రుద్ది, పలకల గీతలను మళ్లీ గీయాలంటే చెయ్యి తిరిగి ఉండాలి. కటీ సార్క్ తర్వాత రెండో ఓడగా ఇది చక్కగా సరిపోతుంది.

విక్టరీ పెట్టె ఇప్పటికే కొనేసి ఉంటే అమ్మేయకండి. ముక్కలన్నీ ఉన్నాయో లేదో ఈరోజే జాబితాతో సరిచూసుకోండి, ఏళ్లు గడిచాక లోటు బయటపడితే దొరకడం కష్టం. వేసవిలో రేకుల కప్పు కిందున్న అటక మీద మాత్రం పెట్టవద్దు, మీద బరువు అసలే వద్దు. పొడవైన ఆ ఓడ పక్కలు ఒకసారి వంగితే రెండు సగాలనూ కలపడం నరకమే.