అబర్డీన్ రేవులో అరగంట సాంపాన్ షికారు: ఐదుకు మూడు

హాంకాంగ్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు ఒక సాయంత్రం సెంట్రల్ అనే పేటలో 70వ నంబరు బస్సెక్కి అబర్డీన్ వెళ్ళాం. ఒడ్డున పడవవాళ్ళు పిలిచి మరీ సాంపాన్ ఎక్కించుకుంటారు. సాంపాన్ అంటే మూడు పలకలట. మా పడవకు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి, పక్కలకు పాత టైర్లు కూడా వేలాడుతున్నాయి.

రెండు మార్కులు తగ్గించింది చేతికిచ్చిన ఆడియో పెట్టె వల్ల. ఇంజను మోతలో ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఊరి కథంతా అమ్మాయే నా చెవిలో అరిచి చెప్పింది.

అబర్డీన్ అన్నది బ్రిటిష్ వాళ్ళు తమ విదేశాంగ మంత్రి పేరిట పెట్టుకున్నది. స్థానికులకు ఇది నేటికీ ‘హ్యోంగ్ గోంగ్ చై’, అంటే చిన్న హాంకాంగ్. ‘హ్యోంగ్’ అంటే సువాసన, ‘గోంగ్’ అంటే రేవు. దోంగ్‌గువాన్, షాటిన్ వైపు పెరిగే ఒక రకం అగరు చెక్కను ఇక్కడే ఓడలకెత్తేవారని, ఆ పరిమళమే పేరై, తర్వాత దీవి మొత్తానికీ పాకిందని చెబుతారు. 1662లో చైనాను ఏలుతున్న చింగ్ ప్రభుత్వం తీరం జనాన్ని లోపలికి తరలించడంతో ఆ వ్యాపారం చితికిపోయింది. మంచినీటి ఊట వల్ల వచ్చిన పేరనేవాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం అగరు పక్షమే. రోజూ పొద్దున్నే అగరుబత్తి వెలిగించేదాన్ని, అందులో అగరు ఉందో లేదో ఏనాడైనా చూశానా? ఈ రేవులోనూ అంతే, ముక్కుకు తగిలింది డీజిలు, ఎండుచేపలు.

ఎదురుగా ఉన్న దీవి ఆప్ లేయ్ చౌ, బాతు నాలుక దీవి. నాలుకకు ఉన్న అసలు మాట పలికితే ‘నష్టం’ అన్నట్టు వినిపిస్తుందట. అందుకని ఇక్కడి కాంటనీస్ భాష మాట్లాడేవాళ్ళు ‘లాభం’లా ధ్వనించే మాట కట్టుకున్నారు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనే మనకు ఇది చెప్పాలా!

జంబో అనే తేలే హోటలు కోసం మాత్రం వెళ్ళకండి. 2022 జూన్‌లో దాన్ని వేరే చోటికి లాక్కెళుతుంటే సముద్రంలో బోల్తా పడింది.

ఎక్కితే వెనక, పడవ నడిపే ఆవిడ పక్కనే కూర్చోండి. అక్కడ అరచేయంత ఎర్ర గూడు, అందులో ఇసుక డబ్బాలో గుచ్చిన మూడు బత్తులు ఉన్నాయి. పడవ మలుపు తిరిగి గాలి మావైపు వీచిన రెండు నిమిషాలూ డీజిలు వాసన తెలియలేదు.