జాగ్రత్త: ఆ యూఎస్‌బీ కేబుల్‌తో ఎల్‌పీటీ1 రాదు

నెల్లూరు రైస్ మిల్లుల్లో, చీమకుర్తి కాటాల దగ్గర, ఒంగోలు మందుల షాపుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఇంకా నడుస్తున్నాయి. కొత్త కంప్యూటర్లకేమో వాటిని తగిలించే ప్యారలల్ పోర్టు (25 పిన్నుల పాత ప్రింటర్ సాకెట్, కంప్యూటర్‌లో దాని పేరు ఎల్‌పీటీ1) ఉండటం లేదు. "ఇది పెట్టండి సార్, అదే పోర్టు" అని యూఎస్‌బీ–ప్యారలల్ కేబుల్ అంటగడుతున్నారు. పాత డాస్ (విండోస్‌కి ముందు కాలపు సిస్టమ్) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి.

అసలు పోర్టులో 2 నుంచి 9 దాకా పిన్నుల మీద ఒక అక్షరం తాలూకు ఎనిమిది బిట్లూ ఒకేసారి వెళ్తాయి. 1వ పిన్ను, అంటే స్ట్రోబ్, కనీసం అర మైక్రోసెకను పాటు వోల్టేజీ తగ్గి 'లో' స్థితికి వస్తే ప్రింటర్ ఆ అక్షరం తీసుకుంటుంది. వెంటనే 11వ పిన్ను మీద బిజీ అనే సంకేతం పెట్టి ఆపుతుంది, పనయ్యాక 10వ పిన్ను మీద ఎక్నాలెడ్జ్, అంటే 'అందింది' అనే సంకేతం, ఇస్తుంది. డాస్ ప్రోగ్రామ్ ఇదంతా ఎల్‌పీటీ1 అనే పేరుతోనో, నేరుగా హెక్స్ 378 అనే పోర్టు అడ్రసుకు రాసో నడిపిస్తుంది. యూఎస్‌బీ కేబుల్‌కి ఆ అడ్రసే లేదు. విండోస్‌కి అది యూఎస్‌బీ001 అనే వేరే పోర్టు. అందుకే షాపులో విండోస్ టెస్ట్ పేజీ చక్కగా పడుతుంది, ఇంటికొచ్చాక బిల్లు పడదు.

ప్రింటర్‌ని షేర్ చేసి, నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1ని దానికి మళ్లిస్తే కొన్ని ప్రోగ్రాములు దారికొస్తాయి. 378కి నేరుగా రాసేవి రావు. 64 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ ప్రోగ్రాములు ఎలాగూ తెరుచుకోవు, అది వేరే తలనొప్పి.

డెస్క్‌టాప్ అయితే ముందు మదర్‌బోర్డు మీద ఎల్‌పీటీ అని రాసిన హెడర్ (పిన్నుల వరస) ఉందేమో చూడండి. ఉంటే దాన్నుంచి వెనక సాకెట్‌కి వైరుతో వచ్చే బ్రాకెట్ ఒక్కటి చాలు, నిజమైన పోర్టు వస్తుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కూడా మంచిదే, కానీ దాని అడ్రసు సాధారణంగా 378 కాదు.

కంప్యూటర్ వైపు 25, ప్రింటర్ వైపు 36 పిన్నులుండే మామూలు కేబుల్లోనూ మోసముంది, చౌకవాటిలో వైర్లు తక్కువ వేస్తారు. మల్టీమీటర్‌తో చూసుకోండి: 1 నుంచి 14 దాకా రెండు వైపులా అదే నంబరు, తర్వాత 15 వెళ్లి 32కి, 16 వెళ్లి 31కి, 17 వెళ్లి 36కి కలవాలి. 2వ పిన్ను వైరు తెగితే చాలా ప్రింటర్లలో బి బదులు సి, డి బదులు ఈ పడతాయి. దాన్ని చూసి ప్రింటర్ హెడ్ (అక్షరాలు కొట్టే భాగం) పోయిందని మార్పిస్తారు. లైన్ ఫీడ్ బటన్ నొక్కిపట్టి పవర్ ఆన్ చేస్తే చాలా మోడళ్లలో సెల్ఫ్ టెస్ట్ వస్తుంది. అది సరిగా వస్తే హెడ్ జోలికి పోవద్దు, తప్పు కేబుల్‌దో పోర్టుదో.

కొనేముందు మీ బిల్లింగ్ ప్రోగ్రామ్ నుంచే ఒక బిల్లు కొట్టించి చూడండి. కేబుల్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ కంప్యూటర్, ప్రింటర్ రెండూ ఆఫ్‌లో ఉండాలి.