నాపానా, లివర్‌మోరా?

ఇంటికి చుట్టాలు వచ్చారు, ఒక రోజు వైన్ తోటలు చూపించాలి. బే ఏరియా తెలుగువాళ్లందరూ ముందుగా అనే పేరు నాపా, కాలిఫోర్నియాలో వైన్ తోటలకు పేరుపడ్డ లోయ.

ఆ పేరు ఊరికే రాలేదు. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి జరిపిన పోటీలో ఫ్రెంచి వైన్లను దాటి మొదటి స్థానాల్లో నిలిచిన స్టాగ్స్ లీప్ వారి కేబర్నే అనే ఎర్ర వైన్, షాటో మాంటెలీనా వారి షార్డనే అనే తెల్ల వైన్ రెండూ అక్కడివే. అయితే వైన్ రుచి చూడటానికి రుసుము ఎక్కువ, చాలాచోట్ల ముందే సమయం తీసుకోవాలి. శనివారం 29వ నంబరు రోడ్డు మీద నత్తనడకే. కాలేజీ నాటి స్నేహితులైతే సరే, వెళ్లండి.

అమ్మానాన్నలు కూడా ఉంటే నా ఓటు బే ఏరియా తూర్పున ఉన్న లివర్‌మోర్‌కే. అక్కడి వెంటే, కాన్‌కానన్ అనే వైనరీలు రెండూ 1883 నాటివి. కాలిఫోర్నియా షార్డనే తోటల్లో చాలావరకు వెంటే తీగ సంతతే. కాన్‌కానన్ వారి పెటిట్ సిరా అనే ఎర్ర వైన్‌ను గ్లాసులో వంచి వెలుగులో చూడండి, అచ్చం నేరేడు పండ్లు తిన్న నాలుక రంగు. పైగా శివవిష్ణు ఆలయం ఆ ఊళ్లోనే ఉంది. దర్శనం ముందు, ద్రాక్షారసం తరువాత. ఈ వరుస మాత్రం తప్పకండి.

ఎక్కడికి వెళ్లినా కారు నడిపేవారు రుచి చూసి ఉమ్మేయాలి. అందుకు బల్ల మీద గిన్నె పెడతారు, మొహమాటం వద్దు.