పిలకాయల్ని బురదలో దింపాం: నెల్లూరు చుట్టుపక్కల ఎల్‌కేజీ పిల్లలతో

నెల్లూరులో చిన్నపిల్లల్ని తీసుకెళ్లడానికి చోట్లే లేవని మా బడికి వచ్చే అమ్మానాన్నలు చాలామంది అంటుంటారు. పార్కు అయిపోతే మాల్, మాల్ అయిపోతే చెన్నై జూ. ఎల్‌కేజీ, యూకేజీ పిలకాయల్ని ఈ చలికాలం ఊరి చుట్టూ తిప్పిన టీచరుగా నా మాట వేరు. చోట్లు బోలెడు ఉన్నాయి. కాకపోతే పెద్దవాళ్లకు నచ్చే చోటు వేరు, అయిదేళ్ల పిల్లకు పనికొచ్చే చోటు వేరు. అక్కడ చేత్తో పట్టుకోవడానికి ఏముంది? దారిలో గంటకు మించి కూర్చోవాలా? నీడ, మరుగుదొడ్డి ఉన్నాయా? ఇవి చూసుకుంటే చాలు, ఎంత పేరున్న చోటన్నది పట్టించుకోనక్కర్లేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇందుకూరుపేట వైపు ఒక వరిమడి. టికెట్ లేదు, బోర్డు లేదు. మా బడి ఆయమ్మకు తెలిసిన రైతు పొలం. పెన్నా డెల్టాలో నాట్లు జోరుగా సాగే రోజుల్లో వెళ్లాం. ముందురోజు ఫోన్ చేసి ఒకే ఒక్క సంగతి అడిగాను, ఈ మధ్య పురుగుమందు ఏమైనా కొట్టారా అని. "దమ్ము చేసి బురదగా కలిపిన మడేనమ్మా, ఇంకా ఏం పడలా. అయినా పిలకాయల్ని బురదలో దించుతారా?" అని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఎవరైనా వెళ్లాలనుకుంటే ఈ ప్రశ్న అడగకుండా మాత్రం వెళ్లొద్దు. పురుగుమందు చల్లిన చేలో పిల్లల్ని దించకూడదు.

మొదట ఎవరూ దిగలేదు. గట్టు మీద ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఒక పాప ఏడ్చింది కూడా. బలవంతం చెయ్యొద్దని తోడొచ్చిన అమ్మలకు ముందే చెప్పాను. నేను దిగి నిలబడ్డాను. కాసేపటికి ఒక పిల్లవాడు వేలు పెట్టి చూశాడు, తర్వాత అరచెయ్యి, ఆ తర్వాత కాలు. మోకాళ్ల దాకా దిగాక బురద వేళ్ల సందుల్లోంచి పైకి వస్తుంటే వాళ్ల ముఖాలు చూడాలి! ఏడ్చిన పాపను చివర్లో పైకి తేవడమే కష్టమైంది.

పక్క మడిలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది. దాని వెనకాలే తెల్లకొంగలు నడుస్తున్నాయి. ఎందుకు నడుస్తున్నాయో నేను చెప్పలేదు. కాసేపు చూడనిచ్చి అడిగాను. "ట్రాక్టరు డ్రైవరు వాటి ఫ్రెండు" అన్నాడొకడు. "కాదు మిస్, అవి ఏదో తింటున్నాయి" అంది ఇంకో పిల్ల. వెంటనే తామూ బురద తీసి వెతికారు. వానపాము దొరికింది, చిన్న నత్త దొరికింది, గట్టులో పీత బొక్క కనిపించింది. బోర్డు మీద నేను గీసి చెప్పి ఉంటే మర్నాటికి మర్చిపోయేవాళ్లు.

నాటేసే ఆడవాళ్లు ఓ మూల వదిలి తలా నాలుగు నారుమొక్కలు ఇచ్చారు. వరసలు వంకరగానే వచ్చాయి, వాళ్లు వాటిని సరిచెయ్యకుండా వదిలేశారు. అందుకు వాళ్లకు నా దణ్ణాలు. చేను పొట్ట దాటి పాలు పోసుకునే రోజుల్లో మళ్లీ అదే మడికి వెళ్లాం. ఒక్కొక్కరు ఒక్క గింజ గోటితో నొక్కితే తెల్లటి పాలు వచ్చాయి. మధ్యాహ్నం తినే అన్నం తాలూకు గింజ గట్టిపడకముందు ఇలా ఉంటుందని చెప్పినప్పుడు టిఫిన్ డబ్బా తెరిచి చూసుకున్నవాళ్లు ఉన్నారు. పొలం ఒకసారి చూస్తే బొమ్మ చూసినట్టే. నాటినప్పుడు, పాలు పోసుకున్నప్పుడు, కోతకు వచ్చినప్పుడు, ఇలా అదే మడికి వెళ్లాలి.

ఖర్చు కూలీలకు టీ, బన్ను, వ్యాను బాడుగ. కాళ్లు కడగడం మోటారు షెడ్డు దగ్గర. అక్కడ కరెంటు వైర్లు కిందికి వేలాడుతుంటాయి కాబట్టి బకెట్లతో నీళ్లు దూరంగా తెచ్చి కడగాలి. మరుగుదొడ్డి ఊళ్లో రైతు ఇంట్లోనే, వాళ్లు మర్యాదగా చూశారు.

మైపాడు తీరం నెల్లూరుకు పాతిక కిలోమీటర్లే. ఆదివారం వెళ్లకండి. పనిరోజు పొద్దున్నే ఎనిమిదికి ముందు అక్కడ ఉంటే తీరమంతా పిల్లలదే. ఎర్ర పీతలు బొక్కల బయట తిరుగుతుంటాయి, అడుగు చప్పుడు తగలగానే లోపలికి పోతాయి. కదలకుండా కూర్చుంటే మళ్లీ వస్తాయి. క్లాసులో రెండు నిమిషాలు కుదురుగా ఉండని పిల్లలు అక్కడ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సరుగుడు తోటలో కాయలు ఏరి పరిమాణాన్ని బట్టి వరసగా పేర్చారు, అదే వాళ్లకు లెక్కల క్లాసు. రావణాసురుడి మీసాలు అనే ఇసుకగడ్డి బంతులు గాలికి దొర్లుతుంటే వెంట పరుగెత్తారు. ముళ్లు గుచ్చుకుంటాయి కాబట్టి పట్టుకోనివ్వలేదు.

ఒడ్డున చనిపోయిన తాబేలు కనిపించింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి, కొన్ని ట్రాలర్ల (వల లాగే పెద్ద మరపడవల) వలల్లో చిక్కి చనిపోతాయి. "నిద్రపోతోందా మిస్?" అని అడిగారు. కాదు, చనిపోయింది అనే చెప్పాను. తాబేలు కూడా మనలాగే గాలి పీల్చాలి, వలలో చిక్కితే పైకి రాలేదు అన్నాను. ఒక అమ్మ పిల్లల్ని అవతలికి లాగబోయింది. నేను వద్దన్నాను. అబద్ధం చెప్పి తప్పించే విషయం కాదది. పిల్లలు దూరం నుంచే చూసి, ఇసుకతో చుట్టూ గట్టు కట్టారు.

మైపాడులో నీళ్లలోకి మాత్రం వద్దు. అలల లాగుడు ఎక్కువ. తడి ఇసుక మొదలయ్యే చోట తాడు పరిచి, అది దాటకూడదని నియమం పెట్టాం. ముగ్గురు పిల్లలకు ఒక పెద్ద మనిషి లేనిదే సముద్రం దగ్గరికి వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. ఒడ్డున మరుగుదొడ్డి ఉంటుందని నమ్ముకోవద్దు, ఊళ్లో తెలిసినవాళ్ల ఇల్లు చూసుకుంటే మేలు.

నేలపట్టు అందరూ చెప్పే చోటు. 1976లో పక్షుల సంరక్షణ కేంద్రమైంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి వైపు వెళ్లింది కానీ మా వాళ్లకు ఇప్పటికీ అది నెల్లూరు పక్షులే. చెరువు నీళ్లలో నిలబడ్డ నీటి కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు వందలుగా గూళ్లు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలాలకు బలమని ఆ ఊరివాళ్లు పక్షుల్ని కాపాడుకుంటూ వచ్చారు. పెద్దవాళ్లకు గొప్ప చోటు. అయిదేళ్ల పిల్లలకు మాత్రం రెండో ఏడాది చూడదగ్గది. ప్రయాణం గంటన్నర పడుతుంది, ముట్టుకునేది ఏమీ లేదు, బైనాక్యులర్ రెండు గొట్టాలు వాళ్ల కళ్ల మధ్య దూరానికి సరిపోవు. గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలో తల పెట్టి తినడం మాత్రం అందరూ చూశారు. బడిలో వారం రోజులు అదే ఆట. యూకేజీవాళ్లనే, అదీ డిసెంబరు, ఫిబ్రవరి మధ్య తీసుకెళ్లండి. అక్టోబరు, నవంబరుల్లో మనకు తుఫాన్ల భయం.

కొండల మధ్య నరసింహస్వామి గుడి ఉన్న పెంచలకోనలో, వాగులోని గుండ్రాళ్లు పిల్లలకు ఇష్టమే కానీ కోతులు టిఫిన్ డబ్బాల మీద పడతాయి. అమ్మానాన్నలతో విడిగా వెళ్లడం మేలు.

రాత్రి బస విషయం. ఈ వయసువాళ్లకు నా లెక్కలో అక్కర్లేదు. పిల్లల నేచర్ క్యాంపు అని ప్రకటన ఇచ్చిన ఒక రిసార్టుకు చూద్దామని వెళ్లాను. సిమెంటు జిరాఫీలు, ప్లాస్టిక్ గడ్డి, మైకులో పాటలు. మట్టి కావాలంటే బట్టలు పాడవుతాయన్నారు. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనం బాగుంది, మా పనికి మాత్రం ఉపయోగపడదు. దూరం నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోనే, బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగి తెల్లారి బయల్దేరడం సుఖం.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2022లో 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటే చదువు అని రాశారు. కిండర్‌గార్టెన్ పద్ధతికి ఆద్యుడైన ఫ్రోబెల్ 1837లో జర్మనీలో పెట్టిన బడిలో కూడా పిల్లలు మొక్కలు పెంచేవాళ్లు. మరి మన దగ్గర ఎల్‌కేజీకే నాలుగు గీతల పుస్తకం, హోంవర్కు! నాకు బాధగా ఉంటుంది. మీ పిల్లల బడిలో ఒక్క పొద్దున పొలం గట్టు అడగండి.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి: రెండో జత బట్టలు, పాత తువ్వాళ్లు, ఓఆర్‌ఎస్, పెరుగన్నం, పెద్ద క్యాను నీళ్లు. దురద పెట్టే దూలగొండి కాయ, కళ్లలో పడితే ప్రమాదమైన జిల్లేడు పాలు, ఉమ్మెత్త కాయ, ఈ మూడింటినీ ముందే చూపించి ముట్టుకోవద్దని నేర్పించాలి. వ్యాను ఏసీ లేనిదే తీసుకోండి, కిటికీలోంచి వాసన కూడా లోపలికి వస్తుంది. పిల్లలు దిగేదాకా ఇంజన్ ఆపి ఉంచే డ్రైవరై ఉండాలి.