క్రూసేడర్ కింగ్స్ 3: పెళ్లిళ్లు, వాటాలు, వింత చావులు

మధ్యయుగపు రాజవంశాన్ని నడిపించే కంప్యూటర్ గేమ్ క్రూసేడర్ కింగ్స్ 3ని 2020 సెప్టెంబర్‌లో విడుదలైనప్పటి నుంచి ఆడుతూనే ఉన్నాను, అంతకు ముందు 2012లో వచ్చిన రెండో భాగం కూడా బాగా ఆడాను, కాబట్టి ఇది మొదటి వారం ఊపులో రాస్తున్న సమీక్ష కాదు. యుద్ధాల కోసం ఈ ఆట కొనకండి. అవి సాదాసీదాగా ఉంటాయి, మ్యాప్ మీద సైన్యాన్ని జరపడం, బలం లెక్క చూసుకోవడం, అంతే. నేను ఇన్నాళ్లుగా దీన్ని వదలకపోవడానికి కారణం ఇందులో జరిగే వింతలు. వాటిలో మంచివి ఎవరో ముందే రాసిపెట్టిన జోకులు కావు, ఆట నియమాలు ఒకదానికొకటి తగులుకున్నప్పుడు వాటంతటవే పుట్టుకొచ్చేవి.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. 867, 1066 లాంటి ఒక ఏడాదిలో ఏదో ఒక పాలకుడితో మొదలుపెడతారు, ఆయన పోతే వారసుడిగా కొనసాగుతారు, అలా 1453 దాకా. మీ వంశంలో వారసుడే లేకపోతే ఆట అక్కడితో సరి. ప్రతి మనిషికీ కొన్ని స్వభావాలుంటాయి, వాటికి విరుద్ధంగా ఏం చేయించినా స్ట్రెస్ పెరుగుతుంది. నా ఐర్లండ్ ఆటలో ఒక రాజు పరమ పిసినారి. సామంతులు తిరుగుబాటుకు సిద్ధమవుతున్నారు, వాళ్లను చల్లబరచాలంటే బంగారం పంపాలి, పంపిన ప్రతిసారీ ఆయనకు టెన్షన్. చివరికి తిరుగుబాటైతే ఆగింది గానీ రాజు తాగుడుకు బానిసయ్యాడు. దీన్ని ఎవరూ కథగా రాయలేదు, రెండు నియమాలు కలిసి ఒక మనిషిని తయారుచేశాయి.

వాటాల సంగతి ఇంకా బాగుంటుంది. ఆట తొలి శతాబ్దాల్లో రాజు పోగానే భూమి పిల్లల మధ్య పంచుతారు. పైగా ఇంకో రాజ్యానికి సరిపడా భూమి గెలిచి ఉంటే, ఆ రాజ్యం కొత్తగా ఏర్పడి రెండోవాడికి వెళ్తుంది, వాడు స్వతంత్ర రాజవుతాడు. అంటే రెండో కొడుకని ముద్దుచేసి, మంచి గురువును పెట్టి, పెద్ద ఇంటి పిల్లను తెచ్చి పెళ్లి చేసి కన్నుమూస్తే, మరుక్షణం నేను పెద్ద కొడుకుని, వాడు నా తమ్ముడు, కొన్నాళ్లకు నా భూమి మీదకే సైన్యంతో వస్తాడు. అంత మంచి సేనాపతిగా వాణ్ని పెంచింది నేనే! మన ఊళ్లలో పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల తగాదా చూసినవాళ్లకి ఈ ఆట ఇట్టే అర్థమవుతుంది.

రాసిపెట్టిన జోకులు మాత్రం త్వరగా పాతబడతాయి. రెండో భాగంలో మతి చెడిన రాజు గ్లిటర్‌హూఫ్ అనే గుర్రాన్ని చాన్సలర్‌గా, అంటే మంత్రిగా, నియమించవచ్చు. రోమన్ చక్రవర్తి కలిగులా తన గుర్రాన్ని కాన్సుల్ అనే పెద్ద పదవిలో పెట్టాలనుకున్నాడని పాత రచయితలు రాసినదాన్ని ఇది గుర్తుచేస్తుంది. మొదటిసారి పడీపడీ నవ్వాను, తర్వాత అది వచ్చినప్పుడల్లా క్లిక్ చేసి ముందుకెళ్లిపోవడమే. అదే ఆటలో గిట్టనివాడి గది కింద పేడ నింపి పేల్చేసే హత్య కూడా ఉంది, దాన్ని చాలామంది మరీ అతి అంటారు. నేను ఒప్పుకోను. 1184లో జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో రాజు ఆరో హెన్రీ సభలో ఉండగా నేల కూలి, సుమారు 60 మంది కిందనున్న మలగుంటలో పడి చనిపోయారు. ఫ్రాన్స్ యువరాజు ఫిలిప్ 1131లో పారిస్‌లో గుర్రానికి పంది అడ్డం రావడంతో కిందపడి చనిపోయాడు. ఇదే ఆటలో జరిగితే బగ్ అని కంప్లైంట్ పెడతాం.

ఈ ఆటలో జరిగేలాంటి పెళ్లి కథ మన చరిత్రలోనూ ఉంది. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. చోళ సింహాసనం ఖాళీ అయిన వేళ, 1070లో, వాళ్ల కొడుకే వచ్చి కులోత్తుంగ చోళుడయ్యాడు. తల్లి వైపు నుంచి వచ్చిన మనవడు సామ్రాజ్యం అందుకోవడం, ఈ ఆట ఆడేవాళ్లు తరాల తరబడి పెళ్లిళ్లు కుదిర్చి సాధించాలని చూసేది సరిగ్గా ఇదే. మ్యాప్‌లో భారతదేశం మొదటి నుంచీ ఉంది, తెలుగు సంస్కృతి కూడా ఉంది, అది చూసినప్పుడల్లా నాకు సంతోషమే.

లోపాలు ఉన్నాయి. వందా రెండొందల ఏళ్లు గడిచి రాజ్యం పెద్దదయ్యాక ఎదురు చెప్పేవాడు ఉండడు, అప్పుడు వింతలూ తగ్గిపోతాయి. నేనైతే అక్కడ ఆపేసి కొత్తది మొదలుపెడతాను. రాయల్ కోర్ట్ అనే అదనపు భాగంలో సభకు వచ్చేవాళ్లు అవే ఫిర్యాదులు మళ్లీ మళ్లీ తెస్తారు, దాన్ని ఆఖర్న కొన్నా ఫర్వాలేదు. తెలుగు అనువాదం లేదు, చదవాల్సిన ఇంగ్లిష్ చాలా ఎక్కువ.

కొత్తవాళ్లు 1066లో ఐర్లండ్‌తో మొదలుపెట్టండి, ట్యుటోరియల్ కూడా అక్కడే ఉంది. రెండో ఆట నుంచి ఐరన్‌మ్యాన్ మోడ్ పెట్టుకోండి. అందులో పాత సేవ్‌కి వెనక్కి వెళ్లడం కుదరదు కాబట్టి, వారసుడు పోయినా, తమ్ముడు తిరగబడినా, ఆ కథతోనే ముందుకెళ్లాలి. అదనపు భాగాలు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో సేల్ వచ్చినప్పుడు కొనుక్కోవచ్చు, మొదటి కొన్ని నెలలకు అసలు ఆట ఒక్కటే చాలు.