రీఫ్ ట్యాంకులో పాచి తినే జీవాలు: నాలుగేళ్లలో ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

మా ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, పెట్టి ఈ వేసవికి నాలుగేళ్లు. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ట్యాంకు 40 గ్యాలన్లది: 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 16 ఎత్తు. రెండు క్లౌన్ ఫిష్, ఒక గోబీ, కొన్ని జోవాంథిడ్స్, మష్రూమ్స్, మధ్యలో ఒక హ్యామర్ కోరల్ (పగడం). చేపల గురించి, లైట్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను క్లీనప్ క్రూ గురించే రాస్తున్నాను. అంటే పాచి, మిగిలిపోయిన మేత తిని ట్యాంకును శుభ్రంగా ఉంచే నత్తలు, పీతలు, రొయ్యలు. నా ట్యాంకులో ఎక్కువ ప్రాణాలు పోయింది వీటివే. అందులో చాలావరకు పోకుండా ఆపగలిగేదాన్ని.

ట్యాంకు సైకిల్ అవడానికి, అంటే వ్యర్థాల్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి, ఐదు వారాలు పట్టింది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయని సంబరపడుతుండగానే ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు పొర కమ్మేసింది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ రాత్రే ఒక ఆన్‌లైన్ దుకాణంలో '40 గ్యాలన్ల ప్యాకేజీ' కొనేశాను. అరవైకి పైగా జీవాలు: 20 హెర్మిట్ పీతలు (ఖాళీ నత్త గుల్లల్లో కాపురముండేవి), 20 ఆస్ట్రియా నత్తలు, నసారియస్, సెరిత్ నత్తలు పదేసి, రెండు ఎమరాల్డ్ పీతలు, ఒక ఇసుక నక్షత్రం (నక్షత్ర చేప). గ్యాలన్‌కి ఒకటి, ఒకటిన్నర చొప్పున లెక్కగట్టి అమ్ముతారు వాటిని.

ఆ గోధుమరంగు పొర డయాటమ్స్ అనే సూక్ష్మమైన పాచి అని తర్వాత తెలిసింది. కొత్త ఇసుకలో, నీళ్లలో ఉండే సిలికేట్ తిని పెరుగుతాయి, అది అయిపోతే వాటంతటవే పోతాయి. నా ట్యాంకులో మూడు వారాల్లో పోయాయి. అప్పటికి అరవై నోళ్లు ఉన్నాయి, తినడానికి ఏమీ లేదు. ఆకలితో కొన్ని చచ్చాయి. చచ్చినవి కుళ్లి అమ్మోనియా మళ్లీ పెరిగింది. రెండు నెలలు తిరిగేసరికి ఇరవై మిగిలాయి. నత్త కదలకుండా పడి ఉంటే బతికుందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతుంటారు. బయటికి తీసి వాసన చూడండి. చచ్చిన నత్త వాసన ఒకసారి తగిలితే ఇక పొరపాటు పడరు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ట్రోకస్ నత్త పేరే. గోపురంలా ఉండే గుల్ల, దాని మీద ఎరుపు, గోధుమ చారలు. అద్దం మీద పాచి పొరను తింటూ వెళ్తుంటే దగ్గర నుంచి చూడాలి. నోరు తెరుస్తుంది, లోపలి నాలుక అద్దాన్ని గీకుతుంది, మూసుకుంటుంది, తల కాస్త పక్కకి తిప్పి మళ్లీ గీకుతుంది. వెనక పాము మెలికల్లాంటి శుభ్రమైన దారి పడుతుంది. దీని అసలు గుణం వేరే ఉంది: వెల్లకిలా పడితే తనంతట తానే తిరగబడి లేస్తుంది. ఆస్ట్రియాకి అది దాదాపు చేతకాదు. ఇసుక మీద తిరగబడి పడితే ఎవరో ఒకరు చెయ్యిపెట్టి లేపాలి, లేకపోతే అక్కడే పోతుంది. ఆఫీసుకి వెళ్లే ముందు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి ఆస్ట్రియాల్ని నిలబెట్టడం నాకు మొదటి ఏడాదంతా ఒక పని.

ఒక రాత్రి ఎర్ర టార్చి వేసి చూశాను. వెల్లకిలా పడిన ఒక ఆస్ట్రియా మీద నీలి కాళ్ల హెర్మిట్ పీత కూర్చుని ఉంది. ఆ పక్కన ఇంకో పీత. మొదటిది పంజా లోపలికి పెట్టి మాంసాన్ని తునకలు తునకలుగా లాగి నోట్లో పెట్టుకుంటోంది. పొద్దున్నకి గుల్ల ఖాళీ. మర్నాడు అదే గుల్ల వేసుకుని తిరిగింది. తిండి కోసమో, ఇంటి కోసమో హెర్మిట్లు నత్తల్ని చంపుతాయి. ఖాళీ గుల్లలు ఒక డజను, రకరకాల సైజుల్లో వేసి ఉంచితే తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు. ఎర్ర కాళ్ల స్కార్లెట్ హెర్మిట్లు కాస్త సాధువులు. నా దగ్గర ఇప్పుడు అవి రెండే ఉన్నాయి. నీలి కాళ్లవి మళ్లీ కొనలేదు.

మా అమ్మ కాకినాడ నుంచి వచ్చినప్పుడు ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. 'ఇవి మన ఉప్పాడ బీచిలో పరిగెత్తేవే కదే, వీటికి డబ్బులిచ్చి కొన్నావా?' అంది మొదటి రోజు. నాలుగు రోజులయ్యాక తనే పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. అమ్మకి బాగా నచ్చినవి నసారియస్ నత్తలు. పగలంతా ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి, సన్నటి తొండం ఒక్కటే పైకి కనిపిస్తుంది. చేపలకి మేత వేసిన అర నిమిషానికి ఇసుక పగిలి ఒక్కొక్కటే బయటికొచ్చి, వాసన పట్టుకుని గబగబా పాకుతాయి. ఇవి పాచి ముట్టవు, కుళ్లే మాంసం, మిగిలిన మేత తింటాయి. పాచి కోసం నసారియస్ కొనకండి, ఇసుక కోసం కొనండి. సెరిత్‌లు మాత్రం రెండు పనులూ చేస్తాయి. రాత్రిపూట అద్దం ఎక్కుతాయి, పగలు ఇసుకలో తిరుగుతాయి. నాలుగేళ్ల క్రితం వచ్చిన పదింటిలో ఆరు ఇంకా ఉన్నాయి.

రెండో ఏడు హెయిర్ ఆల్గే పట్టింది. జుట్టులా పొడుగ్గా, పచ్చగా. ముందు చేత్తో పీకాను, ఆ తర్వాత మెక్సికన్ టర్బో నత్త ఒకటి తెచ్చాను. తినడంలో దానికి సాటి లేదు, వారంలో ఒక రాయి తెల్లబడింది. కానీ గోల్ఫ్ బంతి అంత ఉంటుంది, అడ్డమొచ్చిన ప్రతిదాన్నీ తోసేస్తుంది. అతికించని కోరల్ ముక్కలు పొద్దున లేచేసరికి ఇసుకలో బోర్లా పడి ఉండేవి. పైగా అది కాస్త చల్లటి నీళ్ల జీవి. నా ట్యాంకు 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. ఏడు నెలలు బతికింది. ఇంకోటి తేవడానికి మనసొప్పలేదు. హెయిర్ ఆల్గే పోయింది అసలు నీళ్లు మార్చడం వల్ల, మేత తగ్గించడం వల్ల. కుళాయి నీళ్లు మానేసి ఆర్‌ఓ డీఐ యూనిట్ (నీళ్లలో కరిగినవాటిని వడగట్టే పరికరం) పెట్టాక పాచికి ఎరువైన ఫాస్ఫేట్ దిగింది. నత్త పాచిని తింటుంది గానీ పాచికి కారణమైన దాన్ని తీసేయలేదు, తిన్నదాంట్లో చాలావరకు మళ్లీ నీళ్లలోకే వదులుతుంది.

బుడగల్లాంటి ఆకుపచ్చ పాచికి ఎమరాల్డ్ పీత బాగా పనిచేసింది, నెలలో మొత్తం ఊడ్చేసింది. పెద్దదయ్యాక ఆకలేస్తే జోవాంథిడ్స్‌ని గిల్లుతోందని అనుమానం వచ్చి దాన్ని దుకాణానికి తిరిగి ఇచ్చేశాను. ఐప్టేసియాకి (ట్యాంకులో కలుపులా పెరిగే చిన్న అనిమోన్‌కి) పెప్పర్‌మింట్ రొయ్యలు తెచ్చాను. మూడింట్లో రెండు పట్టించుకోలేదు, ఒక్కటి మాత్రం రాత్రుళ్లు అన్నింటినీ తినేసింది. కొనేటప్పుడు జాగ్రత్త: వాటినే పోలిన క్యామెల్ రొయ్యల్ని ఆ పేరుతో అంటగడతారు, అవి కోరల్స్‌ని తింటాయి. ఒంటి మీద ప్రస్ఫుటంగా తెల్లటి చారలు, వీపు మీద గూని ఉంటే అది పెప్పర్‌మింట్ కాదు.

ఇసుక నక్షత్రం గురించి చెప్పడానికి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇసుకలోని చిన్న చిన్న జీవుల్ని తిని బతుకుతుంది అది. 40 గ్యాలన్ల కొత్త ట్యాంకులో దానికి సరిపడా తిండి ఉండదు. నాలుగు నెలలు బాగానే ఉన్నట్టు కనిపించింది, తర్వాత ఒక చేయి కొస నుంచి కరగడం మొదలైంది. చిన్న ట్యాంకులకి దాన్ని అమ్మకూడదు. దాని బదులు ఫైటింగ్ కాంచ్ అనే నత్త ఒకటి తెచ్చుకోండి. పేరులో పోట్లాట ఉన్నా పాపం చాలా సాధువు. కాడల చివర రెండు కళ్లు బయటపెట్టి, ఇసుక పైపొరను తింటూ రోజంతా తిరుగుతుంది.

మా బాబాయి కొడుకు విశాఖలో ఇలాంటిదే పెడతానన్నాడు, బీచిలో దొరికినవే వేస్తానని. వద్దన్నాను. పగడాల్ని, సముద్ర దోసకాయల్ని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. వాటిని సముద్రం నుంచి తేవడం నేరం. ఇప్పుడు వాడు మంచినీళ్ల ట్యాంకులో మొక్కలు పెంచుతున్నాడు, చాలా బాగుంది.

కొత్తగా పెట్టేవాళ్లు ముందు పాచి కనబడేదాకా ఆగండి. 40 గ్యాలన్లకి నాలుగు ట్రోకస్‌లు, నాలుగైదు సెరిత్‌లు చాలు. ఇసుక ఉంటే మూడు నసారియస్‌లు. రెండు నెలలు చూసి, పాచి ఇంకా మిగులుతుంటే అప్పుడు ఇంకో రెండు. తెచ్చిన సంచీ నీళ్ల ఉప్పుశాతం కొలవండి. నాకు వచ్చిన పెట్టెలో నీళ్ల సాపేక్ష సాంద్రత (ఉప్పు ఎక్కువైతే పెరిగే అంకె) 1.021, ట్యాంకులో 1.026. వేడి సరిపోతే చాలనుకుని అరగంటలో వదిలేశాను, ఆ రాత్రే తొమ్మిది పోయాయి. ఇప్పుడు ట్యాంకు నీళ్లని వాటి నీళ్లలోకి సన్న గొట్టంతో చుక్క చుక్కగా రెండు గంటలు పోస్తాను. చేపలకి జబ్బు చేసినా ఈ ట్యాంకులో రాగి ఉన్న మందు వెయ్యకండి, నత్తలూ రొయ్యలూ ఒక్కటి కూడా మిగలదు. చేపని వేరే తొట్టిలో పెట్టి వైద్యం చెయ్యండి.

పాచి బాగా తగ్గిన వారాల్లో నేను నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క ఒకటి రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రి వదిలేస్తాను. నాలుగు ట్రోకస్‌లూ దాని చుట్టూ చేరతాయి. గత మార్చిలో వెనక అద్దం మీద నువ్వుగింజంత మచ్చలు కనిపించాయి. చెత్త అనుకుని గీకబోయి, భూతద్దం పెట్టి చూస్తే ప్రతిదానికీ చిన్న గోపురం. ట్రోకస్ పిల్లలు. పదకొండు లెక్కపెట్టాను. వెనక అద్దాన్ని అప్పటి నుంచి గీకడం లేదు.